బెల్లం పూసిన బండ

మా మేనమామ పోయిండు. గబ్బూరు దిక్కు గుట్టల్ల టూరిస్టులకు ఎలుగుబంట్లను చూపిచ్చే గైడు, ఆ ఎలుగు చేతుల్నే చచ్చిపోయిండని పేపర్ల రాసిండ్రు. పరామర్శకు ఫోన్లు చేసినోళ్లు, పాములాడిచ్చెటోడు పాము కాటుకే పోతడని నాకు సామెత గూడ చెప్పిండ్రు. గోళ్లు ఎలుగువే, కాదనను. గని మా మామను చంపింది బెల్లం.

గవర్నమెంటు కంచె వేసి కాపాడే గుట్ట అది. ఊకనే పోనియ్యరు, గైడు ఎంబడి పోవాల్సిందే. మామ గేటుకాడ నిలబడి తెలుగుల, కన్నడంల, ఉర్దూల ఖాయిదాలు చెప్పెటోడు. తినేది ఏమున్నా ఈడ్నే పెట్టుండ్రి. అత్తరు పూసుకుంటే కడుక్కొని రాండ్రి. గట్టిగ మాట్లాడొద్దు, నన్ను దాటి అడుగేయొద్దు. పెండ్లైన కొత్తల నేను మా ఆయనను తోలుకొని పోతే, నా తలల మల్లెపూలు తీపిచ్చి గేటు కొక్కేనికి తగిలిచ్చిండు. సొంత మేనకోడలును గద మామా అంటే, "ఎలుగుకు చుట్టరికం తెల్వదమ్మా" అన్నడు. మా ఆయనకు నవ్వు ఆగలే.

ఆ దినం మాకు ఒక్క ఎలుగు కనబడలే. మామ మాత్రం మస్తు ఖుషీగున్నడు. కనబడలేదంటే దాని తిండి దానికి లోపల్నే దొరుకుతుందని అర్థం అనెటోడు. మనం చూడనీకి పోతున్నం, పిలువనీకి కాదు అనేది ఆయన మాట. నేను ఇయ్యాళ్లకు ఏ అడివికి పోయినా గట్టిగ దగ్గ గూడ దగ్గను. అంత మర్యాద ఆయన దగ్గర్నే నేర్చుకున్న. గని టికెట్ కొన్నోళ్లకు ఆ మాట నచ్చకపోతుండె.

నచ్చకనే మొదలైంది అంత. ఎలుగంటే దేవుని అంశ గద, ఉత్త చేతులతోని పోతే ఎట్ల దర్శనమిస్తదని ఎవరో భక్తులు మామ కండ్లుగప్పి గుట్ట మీది ఒక బండ మీద బెల్లం ముద్ద పెట్టి మొక్కిండ్రు. సాయంత్రానికి ఎలుగు వచ్చి నాకింది. ఇంకేముంది, మొక్కుబడి అయి కూసున్నది. మామ అడ్డం పోయి, ఇది బెల్లం రుచి మరిగితే మన ఇండ్లకొస్తది, వస్తే మనమే దాన్ని కొడ్తమని చెప్పిండు. దేవునికి పెట్టేది ఆపనీకి నువ్వెవనివి అని ఆయన మీదికే పోయిండ్రు.

టూర్లు నడిపే పెద్దసార్లు ఆపుతరనుకున్నడు, పిచ్చి మనిషి. వాళ్లకు అర్థమైంది ఒకటే, బెల్లం ఉంటే ఎలుగు ఖాయం. దినం టూరిస్టుల జీపులొచ్చే యాళ్లకు బండకు వాళ్లే పూయిపియ్యబట్టిరి. మామను గైడు పనికెల్లి తీసేసి, గేటుకాడ టికెట్లు చింపనీకి పెట్టిండ్రు. జంతువులకు తిండి పెట్టరాదనే బోర్డు మాత్రం తీయలే. దానికి కొత్త రంగు ఏపిచ్చిండ్రు.

ఆయన అన్నట్లే అయింది. ఒక పొద్దున ఎలుగు ఊరి చివరి ఇంట్ల జొరబడి బెల్లం కుండ పగలగొట్టింది. జనం కట్టెలు, రాళ్లు పట్టుకొని చుట్టుముట్టిండ్రు. మామ ఉరికిపోయి నడుమ నిలబడి, దారి ఇడువుండ్రి, దాని పాటికి అదే పోతదని మొత్తుకున్నడు. ఇడువలే. ఎవడో రాయి ఇసిరిండు. బెదిరిన ఎలుగుకు ఎదురుంగ ఉన్నది మామనే.

రాయచూరు దవాఖానల నన్ను గుర్తుపట్టిండు. నొప్పి అనలే, నీళ్లు అనలే. "అది గుట్ట ఎక్కిందా?" అని అడిగిండు. ఎక్కింది మామా అన్న. నిజంగనే ఎక్కింది. కండ్లు మూసుకున్నడు, మళ్ల తెరవలే.

పెద్దసార్లు పూలదండ పట్టుకొచ్చిండ్రు. ఎలుగులంటే ఆయనకు పానం అన్నరు. మరి బండ మీద బెల్లం ఎప్పుడు ఆపుతరు సార్ అని నేను అడిగిన. దుఃఖంల ఉన్నవమ్మా, తర్వాత మాట్లాడుదాం అన్నరు. ఆ సాయంత్రం గూడ జీపులు పోయినయి. సిగ్గు లేని బతుకులు.

మొన్న పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనవి ఇస్తరాకుల పెట్టి, కాకి ముట్టేదాక ఎదురుచూస్తం. ముట్టకపోతే వాళ్ల మనసు నిమ్మళం కాలేదని మా దిక్కు నమ్మకం. ఆయన తిరిగిన గుట్ట కిందనే పెడ్తనని మామ పెండ్లాం, మా అత్తమ్మ జిద్దు చేసింది. ఆయనకు ఇష్టమని ఓళిగలు, బియ్యం బెల్లంల ఉడికిచ్చి పాశం చేసింది. కాకులు చెట్టు మీద్నే కూసున్నయి, ఒక్కటి దిగలే. పొద్దు వాలబట్టింది. ఇస్తరాకు ఈడ్నే ఇడిసి, ఎనుకకు చూడకుండ పోదాం, మనం పోయినంక ముడ్తది అని పెద్దమనుషులు లేసిండ్రు.

అత్తమ్మ లేవలే.

"కాకి కంటే ముందు ఎలుగొస్తది," అన్నది.

ఇస్తరాకు మడిచి ఒళ్లె పెట్టుకున్నది. గట్ల ఎత్తొద్దు, వాని ఆత్మకు శాంతి ఉండదని ఒక ముసలాయన కోపం చేసిండు. ఆమె ఏడుస్తనే, ఇస్తరాకు కింద పాశం కారిన రాయి మీద చెంబు నీళ్లు పోసి కొంగుతోని తుడిచింది. పైన బండకాడికి జీపులు ఎక్కుతున్న సప్పుడు ఇనబడుతుంది. ఆమె రాయి మీద చెయ్యి రాసి, వాసన చూసుకొని, మళ్ల నీళ్లు పోసింది.