గోడ మీద ఒక వేలు తేడా

ముగ్గుపిండి మీద నీళ్ళు చిలకరిస్తే లేచే వాసన నాకిప్పటికీ పడదు. బీరంగూడలో నేను పీఈటీగా పనిచేస్తున్న స్కూల్లో మొన్న పిల్లలు గ్రౌండులో గీతలు గీస్తుంటే ఆ వాసన తగిలింది. వెంటనే సుగుణ మేడం గుర్తొచ్చింది. సంగారెడ్డిలో మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పింది ఆవిడే. అంత అనుమానపు మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ మీద నాకున్న అనుమానం అంతకంటే పెద్దది.

ఆటల గది వెనక గోడ దగ్గర మా ఎగురుడు కొలిచేది. ముందు గోడ పక్కన నిలబడి, మడమలు నేలకు ఆనించి, తడి ముగ్గుపిండి అద్దిన వేళ్ళతో అందినంత ఎత్తులో గుర్తు పెట్టాలి. తర్వాత ఉన్నచోటి నుంచే ఎగిరి ఇంకో గుర్తు పెట్టాలి. రెండింటి మధ్య దూరమే లెక్క. వాలీబాల్ పిల్లలు చేతులు ఊపి నిటారుగా లేచేవారు. కబడ్డీ పిల్లలకు తొడల్లో బలమున్నా పైకి లేవడం దగ్గర బరువైపోయేవారు. మా ఖోఖో వాళ్ళం గొంతుక్కూర్చుని ముందుకు దూకడానికి అలవాటు పడ్డవాళ్ళం, ఎగిరితే గోడకు దూరంగా పోయేవాళ్ళం. మేడం అందరి బూట్లూ విప్పించేది, మడమలు లేచాయేమోనని వాటి కింద అట్టముక్క దూర్చి చూసేది. వాలీబాల్ వాళ్ళకు ఒక్కసారి, మాకు మాత్రం అన్నీ రెండుసార్లు. మనిషి పొడగరి, ఆవిడ అలమారలో ఎప్పుడు చూసినా వాలీబాలే. ఆవిడ ఎవరి మనిషో మాకు వేరే చెప్పాలా!

చివరి ఏడు యూనివర్సిటీ శిక్షణ క్యాంపుకు కాలేజీ నుంచి ఒక్కరినే పంపమన్నారు. ఎవరు ఎక్కువ ఎగిరితే వాళ్ళు. చివరికి మిగిలింది నేనూ, వాలీబాల్ ఆడే షబానా. క్యాంపుకు పోతే పై చదువు, లేదంటే పటాన్‌చెరు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని అని మా బాపు తేల్చేశాడు. మేడం ఎట్లాగూ నన్ను ముంచుతుందని నమ్మి, నేనే ముందు మోసం చేశాను. నిలబడి గుర్తు పెట్టేటప్పుడు భుజాన్ని కొంచెం కిందికి జార్చాను. కింది గుర్తు ఎంత దిగితే ఎగురుడు అంత పెరుగుతుంది కదా.

షబానా కంటే ఒక వేలు ఎక్కువే వచ్చింది. మేడం టేపు చుట్టబోయి ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతట అదే భుజం మీదికి పోయింది.

"ఇంకోపారి చెయ్యి లేపు," అంది.

ఈసారి నా చంక కింద చెయ్యి పెట్టి భుజాన్ని పైకి నెట్టింది. కింది గుర్తు రెండు వేళ్ళు పైకి జరిగింది. నేను షబానా కంటే ఒక వేలు తక్కువైపోయాను. ఆ నెట్టుడుకు నా మడమలు లేచినట్టు అనిపించింది. అప్పుడు మాత్రం ఆవిడ అట్టముక్క దూర్చి చూడలేదు. అడుగుదామంటే దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. షబానా క్యాంపుకు పోయింది. నేను రెండేళ్ళు మందు డబ్బాలకు లేబుళ్ళు అంటించాను, ప్రతి డబ్బాకూ ఆవిడను తిట్టుకున్నాను. ఆ తర్వాత గానీ వ్యాయామ విద్య చదవలేకపోయాను.

చాలా ఏళ్ళకు పటాన్‌చెరు బస్టాండులో ఆవిడ కనబడింది. అప్పటికే రిటైరైంది. క్షేమసమాచారాలయ్యాక, వాలీబాల్ వాళ్ళంటే మీకెందుకంత ప్రేమని అడిగేశాను. ఆవిడ నవ్వలేదు.

"నేను ఆడింది ఖోఖోనే బిడ్డా. మీరు గోడ కాడికి రాంగనే నా చెయ్యి మీ దిక్కే గుంజుతుండె. గందుకే మిమ్ములను రెండుపార్లు సూసిన. నాకు నా మీదనే అనుమానం."

ఇన్నేళ్ళు దాచుకున్న మాట అప్పుడు అడిగాను.

"గా రోజు నా మడిమలు లేసినయా, మేడం?"

ఆవిడ బస్సులు వచ్చే దిక్కు చూస్తూ చెప్పింది.

"నీ మొకం సూస్తే నీకే ఇయ్యబుద్ధయితదని గోడనే సూసిన. కింద సూడలే."

సంగారెడ్డి బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయింది. ఆవిడ నా మోసాన్నే దిద్దిందా, తన చేతికి భయపడి అవసరానికి మించి దిద్దిందా, నాకు తెలియదు. నా భుజం ఎంత జారిందో కూడా నాకు తెలియదు. ఆవిడ మీద కోపం పోయింది, ఆ ఒక్క వేలు అనుమానం పోలేదు. ఇప్పుడు మా స్కూల్లో ఖోఖో పిల్లలు గోడ దగ్గరికి వస్తే టేపు లెక్కల మాస్టారి చేతికిచ్చేస్తాను. నేను నేల మీద కూర్చుని వాళ్ళ మడమలు చూస్తాను.