పాలతమ్ముడి మాట

మెక్నెస్ పాతబస్తీలో ఆడవాళ్ల స్నానాలశాల నడిపే యామ్నాకి శీతాకాలం జూలైలోనే మొదలయ్యేది. నీళ్లు కాచే పొయ్యిలో వేసే, నూనె తీసిన ఆలివ్ పిప్పి అప్పుడే ఎండి గలగలలాడుతూ చవకగా దొరుకుతుంది. చలి ముదిరాక మిగిలేది పచ్చిపిప్పి. దానికి పొగే తప్ప మంట ఉండదు, ధర మాత్రం కొండెక్కి కూర్చుంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని, భర్త పోయిన ఈ పదకొండేళ్లూ ఆమె మండుటెండలోనే కొట్టు నింపుకుంది.

"పెళ్లికూతురి నగల్లా దాస్తావేమే ఆ పిప్పిని?" అని స్నానానికొచ్చినవాళ్లు ఆటపట్టించేవారు.

"జనవరిలో వేణ్నీళ్లు అడగకండి మరి" అనేది యామ్నా.

ఈ ఏడు తాయిబి అడ్డం పడ్డాడు. వాడికి ఊరి బయట నూనెగానుగ ఉంది. వాణ్ణి కన్నతల్లి పురిట్లోనే పోతే, యామ్నా తల్లి తన పాలిచ్చి బతికించింది. పాలు పంచుకున్నాక తోబుట్టువు కాక మరేమిటి?

"తమ్ముడికి గానుగ ఉండగా బయటివాడి దగ్గర కొంటావా అక్కా? నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నాడు పుదీనా టీ చప్పరిస్తూ. "ఎండుపిప్పి నా కొట్టులో నీ పేరున ఉంటుంది. నవంబరు నుంచి వారం వారం బండి పంపిస్తా. ధర నువ్వు ఏటా ఇచ్చేదే."

కాగితం రాసుకుందామన్న మాట యామ్నా నాలుక చివరిదాకా వచ్చింది. పాలతమ్ముణ్ణి కాగితం అడిగితే పాలిచ్చిన తల్లిని అవమానించినట్టే. ఇద్దరూ దేవుడి సాక్షిగా అరచేతులు చాచి ఫాతిహా ప్రార్థన చదివి, మొహాలు తుడుచుకున్నారు. దాంతో బేరం కుదిరిపోయింది.

నవంబరులో బండి రాలేదు. డిసెంబరులో కొండల మీద మంచు పడింది. తాయిబి ఫోను ఎత్తడం మానేశాడు. యామ్నా తాను ఏటా కొనే వ్యాపారి హమ్మాదీ దగ్గరికి పరుగెత్తింది.

"ఇంకెక్కడిదమ్మా? అక్క కోసమని చెప్పి నీ వంతంతా జూలైలోనే తాయిబి తోలుకుపోయాడుగా. మొన్న ఇటుకబట్టీకి మూడింతలకి అమ్మాడట. నీకు తెలీదూ?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. తడిగుడ్డతో గొంతు కోసేవాడికి ఆ గుడ్డ తడిపి ఇచ్చింది తనే. అటునుంచి అటే గానుగకి వెళ్లింది.

"ధరలిలా ఎగురుతాయని నేనేం కలగన్నానా అక్కా? పచ్చిపిప్పి ఉంది, పట్టుకెళ్లు."

"ఫాతిహా చదివాం కదరా."

"పిప్పి ఇస్తానని చదివాం. ఎండుదో పచ్చిదో దేవుడికి విడమర్చి చెప్పామా ఏంటి?"

ఇంటికొచ్చేసరికి తల్లి బఠాణీలు ఒలుస్తోంది. యామ్నా జరిగినదంతా చెప్పింది. తల్లి తలెత్తలేదు.

"ధర పెరిగాక బయట అమ్ముకుంటానని వాడు నాకు జూలైలోనే చెప్పాడే. నీతో అనొద్దన్నాడు."

"తెలిసి ఊరుకున్నావా అమ్మా?"

"ఆ స్నానాలశాల మూతపడితే ఇంటిపట్టున ఉండి నన్ను చూసుకుంటావనుకున్నా. ఇద్దరూ నా పాలు తాగినవాళ్లే. ఒకళ్లయినా బాగుపడనీ."

తాయిబి ముందు రాని ఏడుపు యామ్నాకి అప్పుడొచ్చింది.

మర్నాడు బకెట్లతో వచ్చినవాళ్లని గుమ్మంలోనే ఆపి, ఈ చలికాలానికి నీళ్లు కాగవని చెప్పింది.

"నిన్ను ముంచిందెవరే?" అని అడిగారు వాళ్లు.

తాయిబి పేరు చెబుదామనుకుంది. ఆ ఒక్క పేరే చెబితే అబద్ధమవుతుంది. రెండోది చెప్పడానికి నోరు రాలేదు.