మోటారు గుంత గోడ

మా అన్న బావులకు సిమెంటు పని చేసే మేస్త్రీ. నేను చిత్తూరు పక్క ఊళ్లో హైస్కూలు సైన్సు అయ్యవారిని. అన్న చనిపోయిన పదో రోజు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు వదిన సంతకం కోసం ఒక కాగితం తెచ్చాడు. చావుకు కారణం 'సొంత అజాగ్రత్త' అని అందులో ఉంది. అది అబద్ధం.

ఎనభైల మొదట్లో సంగతి. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో నీళ్లు ఇంకిపోయిన బావి ఉండేది. కాపు కాలమంతా తొక్కలు, టెంకలు అందులోకే తోసేవారు. అవి పులిసి కంపు ఊరి మీదికి వచ్చాక, పైన సిమెంటు పలక వేసి మూయమని అన్నను పిలిచారు. బావిని ఆనుకుని నిలువున్నర లోతు మోటారు గుంత. రెండింటికీ మధ్య ఒకటే గోడ. దానికీ సిమెంటు పూయాలి.

ముందు చెత్త ఎత్తిపోయించమని అన్న అడిగాడు.

"నీ సిమెంటు మీద నీకే నమ్మకం లేదా అప్పా?" అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం అన్న నన్నడిగాడు. "సదువుకున్నోడివి గదా, సెప్పు. లోపల గాలి ఊరతానే ఉంటాది. సిమెంటు నిలస్తాదా?"

బడిలో చేయించే ప్రయోగం చెప్పాను. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోనూ, పులిసే చెత్తలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువు సున్నాన్ని సుద్దగా మారుస్తుంది. సిమెంటు ఇంకా గట్టిపడుతుందన్నాను.

నేను చెప్పింది సగమే. ఆపకుండా ఊదితే ఆ తెలుపు కరిగి నీళ్లు మళ్లీ తేటపడతాయి. పుస్తకంలో ఆ కింది వరుసలోనే ఉంది. పరీక్షలో అడగరని పిల్లలకు చెప్పేవాణ్ణి కాదు.

ఆ మాట నమ్మి అన్న పలక వేశాడు, గోడకు పూశాడు. రెండు కాపులు గడిచాయి. గోడ మీద తెల్లటి చారలు దిగాయి. గోడలోంచి బావిలోకి పోయే పైపు చుట్టూ సిమెంటు గోటికి రాలుతోంది, ఆ సందుల్లోంచి బావి గాలి గుంతలోకి దిగుతోంది. మళ్లీ అన్నను పిలిచారు. అన్న ఏ బావిలోనైనా ముందు తాడుతో లాంతరు దించేవాడు, ఆరితే ఊపిరాడని గాలి ఉన్నట్టే, దిగేవాడు కాదు. గుంతే కదా అని ఆ రోజు లాంతరు తీసుకెళ్లలేదు. గోడ చూశాక ఫ్యాక్టరీవాళ్లను ఒక లాంతరు అడిగాడు. అక్కడున్న కూలీ ఆమె నాతో చెప్పింది.

"'మోటారు గుంతకు దీపమా, కార్తీకం ఇంగా రాలేదు మేస్త్రీ' అన్నాడు సామీ, ఆ మేనేజరు. అందరం నవ్వినాం. ఆయప్ప గూడా నవ్వి దిగినాడు. పైపు కాడ వంగినోడు లేయలేదు."

మేనేజరు కాగితం చాపినప్పుడు నేను అన్న లాంతరు వెలిగించి తెచ్చాను.

"గుంతలోకి దించుదాం రండి. ఆరకుంటే వదిన సంతకం పెడతాది."

"అవన్నీ ఎందుకు సార్ ఇప్పుడు?"

"బావి ఖాళీ చేసినారా?"

"కాపు మధ్యలో యాడవుతాది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ అజాగ్రత్త మా అన్నది కాదు. అతనిది, నాది. వారంలోగా వేరే మేస్త్రీ ఆ గోడకు మందంగా సిమెంటు పూశాడు. చెత్త బావిలోనే ఉంది.