నల్ల కిటికీ సవతి

మా ఆయనకి ఒకటే జబ్బు. కంప్యూటర్ తెర మీద అక్షరాల బదులు డబ్బాలు కనిపించాయంటే, బాగుచేసేదాకా అన్నం సయించదు. తప్పెవరిదో తేల్చందే వదలడు కూడా.

ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో పని చేసి రిటైరయ్యాడు. అక్కడి వివరాలన్నీ ఎక్కడో మూలనున్న ముసలి కంప్యూటర్లో ఉంటాయట. కౌంటర్లో కంప్యూటర్ మీద ఓ నల్ల కిటికీ తెరిచి వాటిని చూస్తారట. అది పంపేదో తీరు, ఇది చదివేదో తీరు అయితే ఇక డబ్బాలే డబ్బాలు.

ఇంట్లోనూ అదే గోల. కూరలో ఉప్పెక్కువైందా అనడిగితే, "నువ్వు వేసిందెంత, నా నాలుక చదివిందెంత? ముందది తేలాలి" అన్నాడు. గరిటె చూపించా. వెంటనే తేలిపోయింది.

ఇదంతా భరించా. ఆ ఫోనే భరించలేకపోయా.

"సార్, మళ్ళీ డబ్బాలొచ్చాయి." తేనెలో ముంచి తీసిన ఆడగొంతు. నేను మోకాళ్ళ నొప్పులని మూలిగితే "కాసేపు పడుకోవే" అనే మనిషి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పరుగు. తిరిగొచ్చి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే అక్షరాన్ని పెద్దది చేసీ చిన్నది చేసీ చూసుకోవడం. నా మొహం అంతసేపు ఎన్నడూ చూళ్ళేదు.

ఓ రోజు ఫోన్ రాగానే నేనూ వెనకాలే వెళ్ళా, సవతి సంగతి చూద్దామని.

ఆసుపత్రిలో ఆయన పాత కౌంటర్లో జుట్టు సగం నెరిసిన మనిషి, ముక్కు తెరకి ఆనించి కూర్చుంది. పక్కన మేనేజరు నిప్పులు కక్కుతున్నాడు. "ఎన్నిసార్లండీ ఇది? తప్పు ఈవిడదైతే చెప్పండి సార్, రేపే ఇంకొకర్ని పెడతా."

అయిపోయింది దీని పని అనుకున్నా. తప్పు తేల్చడంలో మా ఆయన్ని మించినోడు లేడుగా.

ఆయన తెరని చూశాడు. ఆవిణ్ణి చూశాడు. "ఆవిడేం చెయ్యలేదండీ. పాత మిషను, దానికే మతి తప్పింది" అన్నాడు. కాసేపు ఏదో నొక్కి బాగుచేసి బయటికొచ్చాడు.

మెట్ల దగ్గర పట్టుకున్నా. "నిజంగా మిషను తప్పేనా?"

"కాదే. ఆవిడకి చూపు ఆనట్లేదు. కనిపించక పెద్ద అక్షరాలు ఎంచుకుంటోంది. ఆ రకంలో మన తెలుగు అక్షరాలే ఉండవు, అందుకే డబ్బాలు. సంగతి తెలిస్తే తీసేస్తారని నోరు విప్పదు."

"మరి ఇంట్లో మీరు చేసే ఆ పూజేంటి?"

"ఆ కిటికీలో పట్టే పెద్ద అక్షరాల కోసం వెతికా. మొత్తానికి దొరికాయి. ఇవాళ పెట్టేశా."

వెనక్కెళ్ళి తొంగి చూశా. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత. ఆవిడ నడుం నిటారుగా పెట్టి కూర్చుని, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతోంది.

నా కడుపు చల్లబడాలా? ఇంకా మండింది. "ఇన్నేళ్ళ కాపురంలో నాకో అక్షరమైనా పెద్దది చేశారా?" అని అడిగేశా.

ఆయన నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కాడు.

ఇప్పుడు నాకొచ్చిన మెసేజీలు బస్సులో వెనక సీటువాళ్ళు ముందే చదివేసి, "మీ కోడలు సాయంత్రం వస్తోందంట పెద్దమ్మా" అని నాకు చెబుతున్నారు.