పూజలో పెట్టిన పానా

మా తమ్ముడి ఇంజన్ కోసం నేను పనిముట్లు కూడబెట్టిన మాట ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు. అడిగితే, 'ఏదో సరదా' అని తప్పించుకునేవాణ్ణి. సరదా ఏమిటి నా మొహం! తమ్ముడంటే నాకు ప్రాణం, అంతే.

మా బాపు పోయాక పొలం పంచుకున్నప్పుడు బావి వాడి వాటాకు వచ్చింది. అరవైల మొదట్లో వాడు పాత ఆయిల్ ఇంజన్ ఒకటి తెచ్చి ఆ బావిలో దించాడు. మా వైపు నీళ్లు లోతు కాబట్టి ఇంజన్‌ను గట్టు మీద పెడితే నీళ్లు అందవు. బావి లోపల రాతిని తొలిచి, ఇద్దరు మనుషులు నిలబడేంత అరుగు చేసి, దాని మీద కూర్చోబెట్టారు. ఆ ఇంజనేమో నెలకోసారి మొరాయించేది. బాగు చేసేవాడు సూర్యాపేట నుంచి రావాలి. 'రేపొస్త, మాపొస్త' అంటూ వాడు పది రోజులు తిప్పేవాడు. ఈలోపు మడి నెర్రెలు బారేది. ఒకసారి అలాగే వేరుశనగ మొత్తం పోయింది. ఆ రోజు తమ్ముడి ముఖం చూశాక నాకు పిచ్చికోపం వచ్చింది. వాడెవడు మనల్ని ఏడిపించడానికి, మనకు చేతులు లేవా అనుకున్నాను.

చేతులైతే ఉన్నాయి గాని పానాలు లేవు. కొత్తవి కొనే తాహతు మా ఇంట్లో ఎవరికీ లేదు. తిరుమలగిరి అంగట్లో గోనె పట్టా పరిచి పాత ఇనుము అమ్మే ముసలాయన ఉండేవాడు. లారీల కింద నలిగినవి, మిల్లుల్లో పారేసినవి, అన్నీ కుప్పగా పోసేవాడు. నేను ఇంజన్ నట్టు ఒకటి జేబులో వేసుకుని పోయి, కుప్పలో ఒక్కొక్క పానా తీసి దాని నోట్లో నట్టు పెట్టి చూసేవాణ్ణి. కదిలితే పక్కన పెట్టేవాణ్ణి. నోరు సాగిన పానా నట్టు మూలలు అరగదీస్తుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తెచ్చుకోకూడదు.

"పిల్లను సూడ వచ్చినట్టు సూస్తున్నవు గదా పటేలా! నచ్చిందా, ఇంకో సంబంధం సూపెట్టాల్నా?" అని ముసలాయన నవ్వేవాడు.

ఒక వారం ఏదైనా దొరికేది, ఆరు వారాలు ఉత్త చేతులతో వచ్చేవాణ్ణి. లారీ కమాన్ పట్టీ ముక్క దొరికితే కమ్మరి చేత సాగదీయించి మీటే కడ్డీ చేయించాను. అరిగిపోయిన ఆకురాయిని ఉలిగా మార్పించాను. మరలు తిప్పే పేచ్‌కస్‌కు పిడి విరిగితే తుమ్మ కర్ర చెక్కి బిగించాను. మా ఇంటామె అయితే వాకిట్లో అందరూ వినేలా అనేది: "కోక తెమ్మంటే గీ మనిషి ఇనుము తెస్తడు. కట్టుకోని తిరగాల్నా దీన్ని?"

పంపు పైపు బోల్టులకు సరిపోయే పెద్ద పానా మాత్రం ఏడేండ్లకు దొరికింది. నట్టు దాని నోట్లో పడితే ఇక కదల్లేదు. అంగట్లో నిలబడి పిల్లవాడిలా నవ్వుకున్నాను. ఇంటికి పోకుండా నేరుగా బావి కాడికే పోయాను. తమ్ముడు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇగ మనకు ఫికర్ లేదన్నా" అన్నాడు.

అదే ఏడు ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పీట మీద వరసగా పెట్టాను. ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. పూజలో పెట్టినవి మళ్లీ తెల్లవారే దాకా ముట్టం. నాగలైనా, కొడవలైనా అంతే. ఆ రోజు వాటికి విశ్రాంతి. ఇంటి చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి పోతుంటే నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం పాడుగాను.

పొద్దెక్కాక తమ్ముడు వచ్చాడు.

"అన్నా, ఇంజన్ తిరుగుతాంది గని నీళ్లు ఎక్కుతలేవు. పైపు బోల్టులు వదులైనయి, గాలి గుంజుతాంది. జర పెద్ద పానా ఇయ్యే."

"పూజల పెట్టినరా. రేపు పొద్దుగాల నేనే తెచ్చి బిగిస్త."

"వరి పొట్ట మీదున్నది. నాలుగొద్దులాయె నీళ్లు పారక. దండం పెట్టుకోని ఒక్కటే తీసుకుంట."

"ఒక్క పూటకు ఎండిపోతదా నీ వరి? ఏడాదికొక్క దినం కూడ ఆగవా?" అని కసిరాను. నిజం చెప్పాలంటే భక్తి ఒక్కటే కాదు. అంత ముచ్చటగా పేర్చిన వరస చెడుతుందని కూడా.

వాడికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, నన్ను తోసేసి తీసుకుపోయేవాడు. "సరే తియ్యన్నా, ఏదో ఒకటి సూస్కుంట" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అన్నం తిని పొమ్మని కూడా అనలేదు నేను.

మధ్యాహ్నం పక్క చేను మనిషి రొప్పుతూ వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. తమ్ముడు ఎవరిదో నోరు సాగిన పానా తెచ్చుకున్నాడట. సందులో రేకు ముక్క దూర్చి నట్టుకు పట్టించి, బలమంతా పెట్టి లాగాడట. ఆ రేకు ఉపాయం వాడికి నేర్పింది నేనే. రేకు జారింది, పానా ఊడింది, వాడు అరుగు మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. ఎండాకాలపు బావి కాదు గాని వానల్లేని ఏడు కదా, అడుగున నీళ్లకన్నా బండలే ఎక్కువ. నేను పోయేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. తల కింద ఎవరిదో తువ్వాల. పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో నాకే తెలియదు.

మూడో రోజు ఆ పెద్ద పానా పట్టుకుని ఒక్కణ్ణే బావిలోకి దిగాను. నాలుగు బోల్టులు. బీడీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇంజన్ తిప్పితే నీళ్లు దబదబా పడ్డాయి. ఆ కాలువ గట్టు మీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చాను. వాడి వరి పండింది. ఆ చుట్టుపక్కల ఎవరికీ అంత బాగా పండలేదు.

కల్లంలో వడ్లు తూర్పారబట్టే రోజు మా మరదలు నా దగ్గరికి వచ్చింది. పెండ్లయిన నాటి నుంచీ నా ముందు తలెత్తి మాట్లాడని మనిషి.

"బావా, ఆ దినం పానా కోసం మీ ఇంటికే పోతున్న అని చెప్పి పోయిండు. ఉత్త చేతులతోని వచ్చిండు. ఏమాయె అంటే 'అన్న ఇంట్ల లేడు' అన్నడు. ఏడికి పోయినవు బావా గప్పుడు?"

వాడు నన్ను పెండ్లాం ముందు కూడా తక్కువ చేయలేదు.

"తిరుమలగిరి పోయినమ్మా" అన్నాను.

"గదే అనుకున్న. నువ్వుంటే ఇయ్యకుంటవా" అని కొంగుతో ముఖం తుడుచుకుని, చేట అందుకుని వడ్ల దగ్గరికి పోయింది.