విధవరాలి రెండో కాసు

ఇందుకూరుపేటలో నాకొక చిన్న ల్యాబు ఉంది. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసి ఉప్పు ఎంత ఉంది, సున్నం ఎంత కొట్టాలి, రొయ్యకు తెల్లమచ్చ రోగం తగిలిందా లేదా అని చెప్పడం నా పని. రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి, మూత తియ్యకముందే సగం రోగం చెప్పేస్తానని చుట్టుపక్కల నాకు పేరు. ఆ పేరును నేనెప్పుడూ కాదనలేదు.

ఇరవై ఏళ్ళుగా పాత నాణేలు పోగుచేస్తున్నాను. వాటిని మా ఆవిడ చిల్లర అంటుంది. ఆ చిల్లర తీసి అవతల పెడితే అన్నం వడ్డిస్తానంటుంది. నా దగ్గర సీసం నాణేలున్నాయి, రాగివి ఉన్నాయి, నవాబుల కాలానివి ఉన్నాయి. కానీ నా మనసు ఒక్కదాని మీదే ఉండేది.

మా చర్చిలో కానుకల సంచీ తిరగబోయే ముందు పాస్టరుగారు తరచుగా ఒక కథ చెబుతారు. దేవాలయంలో డబ్బున్నవాళ్ళు దండిగా కానుకలు వేస్తుంటే, ఒక బీద విధవరాలు వచ్చి తనకున్న రెండు కాసులూ వేసింది. అందరికంటే ఆమే ఎక్కువ వేసిందని ప్రభువు మెచ్చుకున్నాడు. ఆ కథ వింటూ అందరూ జేబులు తడుముకునేవాళ్ళు. నేను మాత్రం ఆ కాసు ఏ లోహమో, ఎంత బరువుండేదో అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి. అలాంటి కాసు ఒక్కటి సంపాదించాలని చిన్నప్పటి నుంచీ ఆశ.

నాణేల వాట్సాప్ గ్రూపులో తడ వైపు మనిషి ఒకాయన పరిచయమయ్యాడు. యెరూషలేము యాత్రకు పోయే బృందంతో వంటమనిషిగా వెళ్ళాననీ, అక్కడి పాత బజారులో ఆ కాసు కొన్నాననీ చెప్పాడు. సూళ్లూరుపేట స్టేషన్లో ప్లాట్‌ఫారం బెంచీ మీద కలిశాం. హోమియో మాత్రల సీసాలో, దూది మధ్యన, చొక్కా గుండీ అంత కాసు. భూతద్దం తీశాను. జేబు త్రాసు తీశాను. అంచులు చూశాను, పచ్చగా పట్టిన చిలుము చూశాను. వాసన కూడా చూశాను. అదెందుకో నాకే తెలీదు, రొయ్యల అలవాటు. మీలాంటి తెలిసినవాళ్ళ చేతికి చేరాలనే ఇన్నాళ్ళు దాచానని ఆయన చేతులు కట్టుకుని అన్నాడు. అసలు వాసన ఆ మాట దగ్గర రావాల్సింది, రాలేదు. ఎంతకు కొన్నానో రాయను. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

ఇంటికొచ్చి చూపిస్తే ఆవిడ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, కథలో ఆమె వేసింది రెండు గదా అంది.

ఇంకే ఊరి సేకరణకర్త అయినా ఆ ఒక్కదానితో తృప్తిపడి ఉండేవాడు. మేం ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం. రెండు అంటే రెండే. అప్పటిదాకా మురిసిపోయిన కాసు కాస్తా ఒంటి చెప్పులాగా కనబడసాగింది. తడ ఆయనకు ఫోన్ చేసి రెండోది దొరుకుతుందా అని అడిగాను. వెతుకుతాననీ, నన్ను ప్రార్థన చేయమనీ చెప్పాడు. చేశాను. వారం తిరక్కుండానే దొరికింది. దొరికినందుకు ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం పెట్టించి ఇరవైమందికి ఉప్మా పెట్టాం.

ఆ కూటానికి వచ్చిన పాస్టరుగారు కాసులు చూసి, వచ్చే ఆదివారం కోత పండుగలో సంఘానికంతా చూపిద్దామన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు సాయంత్రం మైపాడు రోడ్డులో ఎండుచేపలు అమ్మే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మొగుడు పోయి ముప్పై ఏళ్ళయింది, కళ్ళల్లో పొరలు. ఆదివారం జనంలో తనకు అందదని, ఇప్పుడే ఒకసారి చేతికివ్వమంది. ఇచ్చాను. రెండింటినీ బొటనవేలితో మెల్లగా తడిమింది. ఇంత చిన్నవా అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కాసులు నేనే అచ్చు వేయించినట్టు ఉబ్బిపోయాను.

శనివారం నెల్లూరు పోయాను. వెండి సామానుకు మాట్లు పెట్టి బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు, నాకు పాత స్నేహితుడు. కాసులు పెట్టడానికి గాజుమూత పెట్టె చేయించుకుందామని పోయాను. ఆయన కొలత కోసం రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

"అన్నా, ఈ రెండిటికీ ఒకే చోట నొక్కు పడిందేంది?"

చూశాను. ఒకే చోట నొక్కు. ఒకే అక్షరం సగానికి తెగింది. అంచున ఒకే బీట. ఆ కాలంలో ఒక్కో కాసునూ సుత్తితో కొట్టి చేసేవాళ్ళు, ఏ రెండూ అచ్చంగా ఒక్క తీరుగా రావు. ఈ సంగతి ఆ కొట్లోనే కూర్చుని, టీ తాగుతూ, వేలు ఆడిస్తూ ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు ఆయన మర్యాద కోసం నా ముఖం వంక చూడకుండా, ఒకే అచ్చులో పోసినవనీ, పోసినవాడు పనిమంతుడేననీ చెప్పి టీ తెప్పించాడు. విడివిడిగా గంటలకొద్దీ చూశాను గానీ, జత కుదిరిన సంబరంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పాపాన పోలేదు. ఆ విధవరాలు ఒక్క కాసే వేసి ఉంటే నేను చచ్చేదాకా సుఖంగా మోసపోయి ఉండేవాణ్ణి.

కొట్టు మెట్ల మీద నుంచే తడ ఆయనకు ఫోన్ చేసి నోటికొచ్చింది తిట్టాను. అంతా విన్నాడు.

"మీరు జత కావాలన్నారు సార్. ఇంతకంటే జత ఏడ దొరుకుతుంది?"

అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు ఎప్పుడూ పలకలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. రేపు ఒక్కటే చూపించి, రెండోది బస్సులో పడిపోయిందని చెప్పమంది. మంచి ఉపాయమే. అద్దం ముందు నిలబడి విచారంగా ముఖం పెట్టి చెప్పి చూసుకున్నాను కూడా. నిజం చెబితే చర్చి అంతా నవ్వుతుంది. చొక్కా గుండీని చూసి మోసపోయినవాడు నా గుంట సంగతి ఏం చెబుతాడని సోమవారం నుంచి రైతులు సీసాలు వేరే ల్యాబుకు మోస్తారు. ఇవన్నీ ఆలోచించాను. కానీ అబద్ధం మొదలుపెట్టినప్పుడల్లా పెద్దమ్మ బొటనవేలు గుర్తొచ్చేది. సిగ్గేసింది. మోసపోయినందుకు కాదు, ఆమెను కూడా నాతోపాటు మోసంలోకి లాగినందుకు.

ఆదివారం చర్చిలో గుమ్మడికాయలు, అరటి గెలలు, వడ్ల బస్తాలు వేదిక ముందు పేర్చి ఉన్నాయి. వాటి మధ్యన నా కాసుల కోసం చిన్న బల్ల వేసి ఎర్ర మఖమల్ గుడ్డ పరిచారు. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. మా దగ్గర సాక్ష్యమంటే రోగం నయమైందనో, పిల్లకు ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. నేను సూళ్లూరుపేట స్టేషన్ నుంచి భాయ్ కొట్టు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఉప్మా దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. పాస్టరుగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, పుస్తకం ఊగింది.

బయట ఆవరణలో నా చుట్టూ జనం మూగారు. బియ్యాన్ని లాక్కునే మహిమ గల రాగి చెంబని నమ్మి కొని మోసపోయానని ఒకాయన చెప్పాడు. పులికాట్ పక్కన ఇంటి స్థలం కొంటే అది ఎండాకాలం మాత్రమే స్థలమని, మిగతా కాలం చెరువని ఇంకొకాయన చెప్పాడు. ఇద్దరు ముగ్గురు నా చెవిలో మాత్రమే చెప్పారు. అవి ఇక్కడ రాయకూడదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దమ్మ మాత్రం ఆ గుంపులోకి రాలేదు. పండుగకు కానుకగా తెచ్చిన ఎండుచేపలు లోపల ఇచ్చేసి, ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని గేటు దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది. దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను. తప్పయిపోయింది పెద్దమ్మా, అనవసరంగా నిన్ను ఏడిపించానన్నాను.

"నీ బిళ్ళల్ని చూసి ఏడ్చినానా నేను? ఆమెను తలుచుకుని ఏడ్చినాను" అంది. మళ్ళీ తనే అడిగింది. "అబ్బయ్యా, ఉన్న రెండు కాసులూ ఏసేసింది గదా. ఇంటికి పొయ్యి ఆ పూట ఏం తినిందో రాసుందా?"

యాభై ఏళ్ళుగా ఆ కథ వింటున్నాను. కాసు బరువు తెలుసు, లోహం తెలుసు, అచ్చు వేయించిన రాజు పేరు తెలుసు. ఈ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు. రాయలేదు పెద్దమ్మా అన్నాను.

"రాసింది మగోళ్ళు గదా" అని, బుట్ట చంకన పెట్టుకుని లేచింది.