గంగప్ప కారులో నేను తుడిచిన మరక

పదకొండేళ్లుగా నా గొంతులో ఇరుక్కున్న మాట ఇది. మింగుదామంటే దిగదు. కక్కుదామంటే ఎవరి ముందూ నోరు రాలేదు. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్తున్నాను.

అప్పుడు నేను హిందూపురంలో ఒక కార్ల షెడ్డులో ఏసీ పని చేసేవాడిని. షెడ్డు యజమానిని అందరం మేస్త్రీ అనేవాళ్లం. ఎండకాలం వస్తే కారు ఏసీ గ్యాస్ ఎక్కువ తాగుతుందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాళ్లం. అబద్ధం. ఏసీ గ్యాస్ తాగదు. డీజిల్ మాదిరి ఖర్చయిపోయేది కాదు అది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోట లోపలి నూనె కూడా కొంచెం బయటికి వస్తుంది. దానికి దుమ్ము పట్టి నల్లటి మరక అవుతుంది. ఆ మరకను గుడ్డతో తుడిచేసి, గ్యాస్ కొట్టి, బండి పంపించేయడమే మా పద్ధతి. మరక చూస్తే బాగుచేయమంటారు. బాగుచేస్తే మళ్లీ రారు. లీకే మన అన్నం రా అనేవాడు మేస్త్రీ. మేము నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

గంగప్పది పెనుకొండ. నాకంటే పెద్దవాడు. సొంత కారు. వెనక సీట్లు తీసేసి, పట్టుపురుగుల పిల్లల్ని ట్రేలలో సర్దుకుని, వాటిని పెంచే కేంద్రం నుంచి రైతుల ఊళ్లకు చేర్చేవాడు. మా ఎండకు ఆ పిల్లలు తట్టుకోలేవు. దారి పొడవునా కారు చల్లగా ఉండాలి. గంగప్ప బతుకంతా ఆ చల్లదనం మీదే ఉండేది. అది నాకు తెలుసు.

ఆయన కారులో పైపు జాయింటు దగ్గర లీకు ఉండేది. చిన్న రబ్బరు వాషరు మారిస్తే పోయేది. గంగప్ప మొదట్లో ఆరు నెలలకు ఒకసారి వచ్చాడు, తర్వాత నెలకు, ఆ ఎండకాలం వారానికి. వచ్చిన ప్రతిసారీ మరక చూశాను. ఆయన కుళాయి దగ్గర నీళ్లు తాగి వచ్చేలోపు తుడిచేశాను.

ఒకరోజు ధర్మవరం పక్క ఊరి రైతు ఆదెప్పకు పురుగులు తీసుకుపోతున్నాడు. పెనుకొండ దాటాక ఏసీలో వేడిగాలి మొదలైంది. అద్దాలు దించితే ఇంకా వేడి. ట్రేల మీద గోనెసంచులు కప్పి, మధ్యమధ్యలో ఆగి వాటిని తడుపుకుంటూ పోయాడట. సాయంత్రం నేరుగా షెడ్డుకు వచ్చి చెప్పాడు. మేస్త్రీ నన్ను పిలిచి, ఊరికే గ్యాస్ కొట్టి పంపు, బిల్లు రాయొద్దు అన్నాడు. గంగప్ప మేస్త్రీకి దండం పెట్టాడు. అది మంచితనమని నేనూ అనుకున్నానా? లేదు. బిల్లు ఉంటే కారు ఆ రోజు వచ్చిందనడానికి సాక్ష్యమని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యే మళ్లీ తుడిచాను.

ఐదో రోజు గంగప్ప ఆదెప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. పురుగులు మెత్తబడి, నల్లబడి, పంటంతా పోయిందట. డీజిల్ మిగుల్చుకోవడానికి గంగప్పే ఏసీ ఆపేశాడని ఆదెప్ప కోపం. కారులో కూర్చుని ఏసీ ముందు చేయి పెట్టి చూశాడు.

"చల్లగా వస్తాండాది కదప్పా. దీన్ని సచ్చిందంటావా?"

"ఆ పొద్దు సాయంత్రమే మళ్లా గ్యాస్ కొట్టినారన్నా. ఈ అబ్బే కొట్టినాడు. కావాలంటే అడుగు," అన్నాడు గంగప్ప.

ఆదెప్ప నా వైపు తిరిగాడు. "కొట్టినావా అబ్బా?"

మేస్త్రీ పక్కనే ఉన్నాడు. నా వైపు చూడను కూడా లేదు. చూసి, బెదిరించి ఉంటే ఇప్పుడు తప్పు ఆయన మీద వేసి తప్పించుకునేవాడిని.

"లేదన్నా," అన్నాను. "ఈ కారు ఈడికి రాలేదు ఆ పొద్దు."

గంగప్ప అరవలేదు. తిట్టలేదు. నా మొహం చూసి, "అట్లనా. అయితే నేనే మరిసిపోయింటాలే," అన్నాడు.

అంతే. మళ్లీ ఎవరూ ఆయన్ని పురుగులు తేవడానికి పిలవలేదు. ఏసీ ఆపే గంగప్ప అని పేరు పడింది. ఇరవై ఏళ్లు ఎండలో పురుగుల్ని పసిపిల్లల్లా మోసిన మనిషికి ఆ పేరు! ఆదెప్ప ఒక్క మాటకే నమ్మేశాడని ఆయన మీద కూడా నాకు కోపమే. ఎంత సిగ్గులేని కోపం చూడండి. ఆ మాట చెప్పింది ఎవరు?

అందరూ చేసేదే కదా అనేవాళ్లు షెడ్డులో. నేనూ చాలా ఏళ్లు అదే అనుకుని నిద్రపోయాను. అందరూ అంటే ఎవరు? ఆ కారు దగ్గర గుడ్డ పట్టుకున్న చేయి ఒక్కటే. అది నాది.

గంగప్ప కారు అమ్మేశాడు. ఇప్పుడు పెనుకొండలో సామాన్ల ఆటో నడుపుతున్నాడు. నేనూ పెనుకొండలోనే చిన్న కొట్టు పెట్టుకున్నాను. పోయిన ఎండకాలం సరుకు తేవడానికి పిలిచిన ఆటో ఆయనదే అయింది. నన్ను గుర్తుపట్టాడు. దీనికి ఏసీ లేదు, ఆపినానని ఎవరూ అనరు అని నవ్వాడు. తర్వాత తనే, ఆ పొద్దు మేస్త్రీ ముందర నువ్వు మాత్రం ఏం చెప్తావులే, నీ కడుపు నీది అన్నాడు.

ఆయన క్షమించింది ఒక్క అబద్ధాన్నే. భయపడి చెప్పాననుకున్న ఆ ఒక్కదాన్నే. మరక సంగతి ఆయనకు తెలియదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? సరుకు దించుకుంటూ నిలబడ్డాను. ఆటో మలుపు తిరిగిపోయింది. తప్పు సంగతి తెలియకుండా ఇచ్చిన క్షమను ఎక్కడ పెట్టుకోను? అది నాది కాదు.

అందుకే రాస్తున్నాను. ఆదెప్పన్నా, గంగప్ప ఏసీ ఆపలేదు. గంగప్పన్నా, నీ కారు గ్యాస్ తాగలేదు. పైపు జాయింటు కారేది. నేను చూశాను. చూసిన ప్రతిసారీ తుడిచాను.

 మాట గొంతు దాటింది.